లినక్స్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసే ముందు తీగను చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక కంప్యూటర్ల పుటలో పాఠకుల సందేహాలకు ఇచ్చే సమాధానాలను నేను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. లినక్స్ కంప్యూటర్‌లో తీగ ద్వారా వచ్చే నెట్‌వర్క్ కనెక్షన్ కాసేపు పనిచేసి కాసేపు ఆగిపోతోందని అడిగిన ఒక పాఠకునికి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయమనీ, అప్పటికీ కుదరకపోతే వైఫైకి మారమనీ ఇచ్చిన సలహా చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ సలహా మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. కానీ అదే పని రెండుసార్లు చేసి రెండు వారాలు పోగొట్టుకున్నవాణ్ణి కనుక, మరొకరు ఆ దారిన వెళ్లకూడదన్న ఆరాటంతో నా అనుభవాన్ని మీ ముందుంచుతున్నాను.

పూర్తిగా ఆగిపోయిన కనెక్షన్‌ను బాగుచేయడం కంటే వచ్చిపోయే కనెక్షన్‌ను బాగుచేయడం చాలా కష్టం. రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తే గంటసేపు బాగుంటుంది, డ్రైవర్‌ను మారిస్తే ఒక పూట బాగుంటుంది, మనం చివరగా ఏది చేశామో అదే మందు అని నమ్ముతాం. నా కంప్యూటర్‌లో మొదటిసారి లినక్స్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేశాక మూడు రోజులు ఏ ఇబ్బందీ రాలేదు. పెన్‌డ్రైవ్ పెట్టడానికి డబ్బాను ముందుకు జరిపినప్పుడు వదులుగా ఉన్న కనెక్టర్ కాస్త లోపలికి నొక్కుకోవడమే దానికి కారణమని చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే ఈ రకమైన లోపం విషయంలో మన అనుభూతిని కాక, కంప్యూటర్ తనంతట తాను రాసుకుంటున్న లెక్కలను నమ్మాలని గట్టిగా చెబుతున్నాను.

ఆ లెక్కలు లినక్స్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ ఇచ్చినా, జర్నల్‌సీటీఎల్ (journalctl) ద్వారా కెర్నెల్, అంటే లినక్స్ మూలభాగం, రాసే సందేశాలు తెరిచినా, లింక్, అంటే కార్డుకూ స్విచ్‌కూ మధ్య తీగ మీది బంధం, ఎప్పుడు తెగిందో, మళ్లీ ఎప్పుడు కలిసిందో, ఏ వేగంతో కలిసిందో సమయంతో సహా కనిపిస్తుంది. కనెక్షన్ పోయిందని మనకు తెలిసిన క్షణానికి సరిగ్గా లింక్ తెగినట్లు అక్కడ ఉంటే, లోపం తీగలోనో, కనెక్టర్‌లోనో, స్విచ్ పోర్టులోనో, నెట్‌వర్క్ కార్డులోనో, ఆ కార్డును నడిపే డ్రైవర్‌లోనో ఉందని అర్థం. లింక్ తెగకుండానే కనెక్షన్ ఆగుతుంటే వెతకవలసిన చోటు చాలావరకు మారిపోతుంది. ఈ ఒక్క తేడా తెలుసుకోకుండా ఏ సెట్టింగ్ మార్చినా అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

తరువాత చూడవలసింది ఎథ్‌టూల్ (ethtool) అనే కమాండ్ చూపే వేగం. నేను ఆ రెండు వారాలూ దాన్ని చూడనే లేదు. ఈథర్‌నెట్ తీగలో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జంటలుగా మెలితిరిగి ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి రెండు జంటలు చాలు, 1000 మెగాబిట్ల వేగానికి నాలుగు జంటలూ కావాలి. 100 మెగాబిట్లకు చాలే ఆ రెండు జంటలూ బాగుండి, మిగిలిన వాటిలో ఒక తీగ విరిగితే కనెక్షన్ పూర్తిగా చావదు. కార్డు, స్విచ్ రెండూ గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల, వేగానికి ఒప్పుకుంటాయి, లింక్ కుదరదు, మళ్లీ ప్రయత్నిస్తాయి, చివరికి చాలా కార్డులు తామే 100కు దిగిపోతాయి. ఇటీవలి కెర్నెల్‌లలో కొన్ని డ్రైవర్లు ఇలా వేగం తగ్గించుకున్నప్పుడు, తీగను పరిశీలించమని లాగ్‌లో, అంటే ఆ సందేశాల చిట్టాలో, సూటిగా రాస్తాయి. నా కంప్యూటర్ లాగ్‌లో ఆ వాక్యం ఎన్నోసార్లు ఉంది. నేను దాన్ని చదవకుండానే డిస్కును తుడిచేశాను.

వేగం సరిగానే ఉన్నా లోపం దాగి ఉండవచ్చు. ఐపీ కమాండ్‌లో లింక్ గణాంకాలు అడిగితే వచ్చిన ప్యాకెట్లు (డేటా ముక్కలు), వెళ్లిన ప్యాకెట్లు, పొరపాట్లు విడివిడిగా కనిపిస్తాయి. తీగ మీద డేటా ఫ్రేములనే కట్టలుగా వెళుతుంది, ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేమ్ చివర సీఆర్‌సీ అనే 32 బిట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. దారిలో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య కలవదు, కార్డు ఆ ఫ్రేమ్‌ను పారేసి, సీఆర్‌సీ పొరపాటుగా లెక్కవేస్తుంది. అలా పారేసిన దాన్ని, డేటా చేరిందో లేదో చూసుకునే టీసీపీ అనే ఏర్పాటు మళ్లీ తెప్పిస్తుంది కనుక పాడైన తీగ మనకు తెగిన తీగలా కాక, నెమ్మదించిన ఇంటర్నెట్‌లా కనిపిస్తుంది. పెద్ద ఫైలును కాపీ చేస్తూ ఈ సంఖ్యను రెండుసార్లు చూసి, మధ్యలో అది పెరిగితే, సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా తీగను మార్చి చూడాలి. ఆ మార్చే తీగ వేరే కంప్యూటర్‌లో బాగా పనిచేస్తున్నదై ఉండాలి, స్విచ్‌లో పోర్టును కూడా ఒకసారి మార్చాలి, అయితే రెండూ ఒకేసారి మార్చకూడదు. కనెక్టర్ మీది ప్లాస్టిక్ కొక్కెం విరిగిందేమో చూడాలి. చూడటానికి అల్పంగా కనిపించే ఆ ముక్క లేకపోతే తీగ తన బరువుకే వెనక్కి జారుతుంది. 2020లో వచ్చిన 5.8 కెర్నెల్ నుంచి, హార్డ్‌వేర్ సహకరిస్తే, ఎథ్‌టూల్‌తోనే తీగను పరీక్షించి ఏ జంట తెగిందో, ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో కూడా తెలుసుకోవచ్చు. ఇంతటి సౌకర్యం ఉన్నదని చాలామందికి తెలియదు.

చాలాచోట్ల వినిపించే మరో సలహా గురించి హెచ్చరించాలి. వేగాన్ని, డూప్లెక్స్‌ను (పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగితే ఫుల్, ఒకదాని తరువాత ఒకటి జరిగితే హాఫ్) చేతితో స్థిరపరచమంటారు. ఒక వైపు 100 ఫుల్ డూప్లెక్స్ అని బిగించి, రెండో వైపు ఆటో నెగోషియేషన్‌లోనే, అంటే రెండు వైపులా తామే మాట్లాడుకుని వేగం కుదుర్చుకునే పద్ధతిలోనే, వదిలేస్తే, ఆ రెండో వైపు వేగాన్ని పసిగడుతుంది కానీ డూప్లెక్స్‌ను పసిగట్టలేక హాఫ్‌కు దిగుతుంది. అప్పుడు పింగ్, అంటే అవతలి పరికరం పలుకుతోందా అని చూసే చిన్న సందేశం, చక్కగా వెళ్లివస్తుంది, పెద్ద ఫైలు మాత్రం కదలదు. రాగి తీగ మీద గిగాబిట్‌కు ఆటో నెగోషియేషన్ తప్పనిసరి కూడా. దాన్ని ఆపవలసిన అవసరం నేటి పరికరాల్లో దాదాపుగా రాదు.

తీగ, పోర్టు బాగున్నాయని తేలాక కూడా లింక్ తెగుతుంటే, అప్పుడు విద్యుత్ పొదుపు ఏర్పాట్లను అనుమానించడం న్యాయం. 2010లో ప్రమాణంగా వచ్చిన 802.3ఏజడ్ అనే ఈథర్‌నెట్ విద్యుత్ పొదుపు పద్ధతి ప్రకారం, పని లేనప్పుడు లింక్ కునుకు తీస్తుంది. కొన్ని కార్డులు, కొన్ని స్విచ్‌లు కలిసినప్పుడు ఆ కునుకు నుంచి సరిగా లేవవు. ఎథ్‌టూల్‌తో దాన్ని ఆపి ఒక రోజు గమనించవచ్చు. కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభిస్తే పాత స్థితి వస్తుంది కనుక ప్రయోగానికి భయం లేదు. రియల్‌టెక్ కార్డులున్నవారు కెర్నెల్‌లోని ఆర్8169 డ్రైవర్ నడుస్తోందా, విడిగా తెచ్చుకున్న ఆర్8168 నడుస్తోందా అని చూసుకోవాలి. యూఎస్‌బీ అడాప్టర్ అయితే దాని ఆటో సస్పెండ్‌ను, అంటే పని లేనప్పుడు దాన్ని నిద్రపుచ్చే ఏర్పాటును, చూడాలి.

లింక్ తెగడం లేదు, పొరపాట్లు పెరగడం లేదు, అయినా పేజీలు తెరుచుకోవడం లేదంటే, ముందు రౌటర్‌కు, తరువాత బయటి ఒక ఐపీ చిరునామాకు, ఆ తరువాత ఒక పేరుకు పింగ్ ఇవ్వాలి. మొదటి రెండూ అంది మూడోది ఆగితే అది డీఎన్‌ఎస్, అంటే పేరును ఐపీ చిరునామాగా మార్చే ఏర్పాటు, సమస్య. రౌటర్‌కే అందకపోతే, నెట్‌వర్క్‌ను నడిపే ప్రోగ్రాములైన నెట్‌వర్క్‌మేనేజర్, సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ రెండూ ఒకే కార్డును పట్టుకుని లాగుతున్నాయేమో, అదే ఐపీ చిరునామా మరో పరికరానికీ ఉందేమో చూడాలి. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని మధ్యలో నిలిచిపోతుంటే ఎంటీయూను, అంటే ఒక్క ప్యాకెట్‌కు ఉండగల గరిష్ఠ పరిమాణాన్ని, అనుమానించాలి. మామూలు ఈథర్‌నెట్‌లో అది 1500 బైట్లు, కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు వాడే పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి కనెక్షన్‌లో 8 బైట్లు తగ్గి 1492.

నా సమస్య చివరికి ఒక్క కొత్త తీగతో తీరింది. పాత తీగను కనెక్టర్ దగ్గర మెల్లగా వంచుతూ లాగ్ చూస్తే, వంచినప్పుడల్లా లింక్ తెగిన వాక్యం వచ్చింది. అంతకు ముందు పోయిన ఫైళ్లు మాత్రం తిరిగి రాలేదు.

సందేహం పంపిన ఆ పాఠకుడు ఇంకా డిస్కును తుడిచి ఉండకపోతే, వచ్చే సంచికలోనైనా ఆయనను మూడు విషయాలు అడగవలసిందిగా కోరుతున్నాను. కనెక్షన్ ఆగిన సమయానికి లాగ్‌లో ఏముంది? ఎథ్‌టూల్ చూపే వేగం ఎంత? పొరపాట్ల సంఖ్య పెరుగుతోందా? ఈ మూడింటికీ జవాబు రాబట్టడానికి పది నిమిషాలు చాలు, ఏ ఫైలూ పోదు.

భవదీయుడు,
మీ పాఠకుడు