ముత్యాల బిల్లు మీద ఉన్నదున్నట్టు రాయించండి

గౌరవనీయులైన తెలంగాణ వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాద్ పాతబస్తీలో ముత్యాల దుకాణాలకు హారాలు గుచ్చి ఇవ్వడం నా పని. పంతొమ్మిదేళ్లుగా ఇదే చేస్తున్నాను. వాళ్లిచ్చిన సరుకును తెల్లగుడ్డ మీద పోసుకుని, సైజూ మెరుపూ చూసి జత కుదిర్చి, ముత్యానికో ముడి వేస్తూ పట్టుదారానికి ఎక్కిస్తాను.

పోయిన మాఘమాసంలో మా వీధిలో ఒకావిడ కూతురి పెళ్లికి కొన్న రెండు వరసల హారం తీసుకొచ్చింది. "అక్కా, ఇవి బసరా ముత్యాలంట. ముడులు వదులుగా ఉన్నాయి, మళ్లీ గుచ్చి ఇవ్వు" అంది. చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైంది, అవి గల్ఫ్ సముద్రంలో సహజంగా పుట్టే బసరా ముత్యాలు కావు, చైనా నుంచి వచ్చే, చెరువుల్లో పెంచిన మంచినీటి ముత్యాలు. బిల్లు చూపించమన్నాను. "పెర్ల్ సెట్, ట్రిపుల్ ఏ" (అంటే మేలురకమని వాళ్ల లెక్క) అని ఒక్క ముక్క, పక్కన ధర. అంతే. దుకాణంలో లైటరు వెలిగించి ముత్యాన్ని మంట మీద పెట్టి చూపించారట, అందుకే నమ్మిందట. ప్లాస్టిక్ కాదని తెలియడానికి తప్ప ఆ మంట ఇంకెందుకూ పనికిరాదు. సహజంగా పుట్టిందో పెంచిందో, ఉప్పునీటిదో మంచినీటిదో, రంగు వేసిందో లేదో మంట చెప్పదు.

"అయితే నన్ను మోసం చేశారా?" అని ఆవిడ అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ముత్యాలు నిజమైనవే. చెప్పిన పేరే అబద్ధం. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

మంచినీటి ముత్యం నకిలీ కాదు సార్. చైనాలో, ముఖ్యంగా జెజియాంగ్ ప్రాంతంలోని చెరువుల్లో, ఒక ఆల్చిప్ప లోపలి పల్చటి కండను చిన్న ముక్కలుగా కోసి, ఇంకో ఆల్చిప్పలో నాటుతారు. ఒక్కో చిప్పలో డజన్లకొద్దీ ముత్యాలు పెరుగుతాయి. లోపల పూస పెట్టకుండా పెంచినది కనుక అది దాదాపు మొత్తం ఆల్చిప్ప లోపల పేరుకున్న మెరిసే ముత్యపు పొరే. జపాన్‌లో సముద్రంలో పెంచే అకోయా ముత్యంలోనైతే మధ్యలో చిప్ప నుంచి గుండ్రంగా చెక్కిన పూస ఉంటుంది. దాని మీద పొర తరచూ అర మిల్లీమీటరు కూడా ఉండదు. దుకాణంలో ఎవరైనా ఈ మాట చెప్తే ఆవిడ తలెత్తుకుని కొనుక్కునేది. 1980లలో చైనా నుంచి వచ్చిన చిన్న ముత్యాలు మరమరాల్లా ముడతలు పడి ఉండేవి. ఇప్పుడొచ్చే మంచి సరుకుకూ వాటికీ పోలికే లేదు.

మరి ధరలో తేడా ఎక్కడుంది? మొదట మెరుపులో. ట్యూబ్‌లైట్ కింద పట్టుకుంటే లైటు గీత అంచులు ముత్యం మీద పదునుగా కనిపించాలి. సుద్దముక్కలా తెల్లగా ఉండి గీత అలుక్కుపోతే, ఎంత పెద్దదైనా దానికి విలువ తక్కువే. తర్వాత గుండ్రదనం. హారాన్ని బల్ల మీద మెల్లగా దొర్లిస్తే, గుండ్రం కాని ముత్యాలు ఎగిరెగిరి పడతాయి. పూర్తి గుండ్రంగా వచ్చేవి పంటలో కొన్నే కాబట్టి వాటికి ఖరీదు ఎక్కువ. మచ్చలూ గుంటలూ చూడాలి. అన్నిటికంటే కష్టమైంది జత కుదరడం. ఒక్క హారానికి సరిపడే ముత్యాలు ఏరడానికి నాకు ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. తెలుపు, గులాబీ, పీచు, లేత ఊదా రంగులు సహజంగా వస్తాయి. నల్లటి మంచినీటి ముత్యానికి మాత్రం సాధారణంగా రంగు పట్టించి ఉంటారు. రంధ్రం చుట్టూ చూస్తే తరచూ రంగు పేరుకుని కనిపిస్తుంది.

ఇవన్నీ కొనేవాళ్లందరికీ తెలియాలని నేననను. అమ్మేవాళ్లకు తెలుసు. ఆ తెలిసింది బిల్లు మీదకు రావాలి.

ట్రిపుల్ ఏ అనే మాటకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒక దుకాణంలో ట్రిపుల్ ఏ, పక్క దుకాణంలో ఏ. బసరా అంటే పర్షియన్ గల్ఫ్ సముద్రంలో సహజంగా పుట్టిన ముత్యాలు. పెంచిన ముత్యాలు వచ్చాక, 1930ల నాటికే ఆ వ్యాపారం కుప్పకూలింది. ఇప్పుడు కొత్త హారంగా, మామూలు ధరకు అవి దొరకవు.

విదేశం నుంచి వచ్చేటప్పుడు కస్టమ్స్ పట్టికలో ముత్యాలన్నీ 7101 అనే నంబరు కిందే వస్తాయి. కానీ అందులోనే సహజమైన వాటికి ఒక కోడ్, పెంచిన వాటికి వేరే కోడ్ ఉన్నాయి. అంటే రేవులో దిగేటప్పుడు ప్రభుత్వానికి చెప్పిన నిజం, దుకాణం కౌంటర్ దాకా వచ్చేసరికి మాయమైపోతోంది. సరుకు నాణ్యత, ప్రమాణం తెలుసుకోవడం కొనేవాళ్ల హక్కని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెప్తోంది. బంగారానికి 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. ముత్యాల నగరమని పేరున్న హైదరాబాద్‌లో ముత్యానికి ఒక్క వాక్యమైనా అక్కర్లేదా?

నేను అడిగేది పెద్దదేం కాదు. బిల్లు మీద సహజమైనదా పెంచినదా, మంచినీటిదా సముద్రానిదా, రంగు వేశారా లేదా, సైజు ఎన్ని మిల్లీమీటర్లు అన్నవి తెలుగులో, ఉర్దూలో రాయించండి. చార్మినార్ దగ్గర ఎవరైనా హారం తెచ్చి ఉచితంగా చూపించుకునే ఒక చోటు పెట్టించండి. ముత్యాల శ్రేణులకు ఒకే ప్రమాణం కావాలని భారతీయ ప్రమాణాల సంస్థకు రాష్ట్రం తరఫున రాయండి. నిజాయితీగా అమ్మే దుకాణదారులూ ఇది కోరుకుంటున్నారు. పక్కవాడు బసరా అని అరుస్తుంటే వీళ్ల నిజానికి బేరం రావట్లేదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి జలజీవుల పరిశోధన సంస్థలో శిక్షణ పొంది మన చెరువుల్లో ముత్యాలు పెంచాలనుకునే రైతులకు కూడా, ఏ ముత్యానికి ఎంత పలకాలో తెలిసేది అప్పుడే.

ఏటా శ్రీరామనవమికి భద్రాచలం రాముడి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలూ ముత్యాల తలంబ్రాలూ వెళ్తాయి. వచ్చే ఏడాది ఆ ముత్యాల బిల్లు మీద ఈ నాలుగు వివరాలూ రాయించి, మొదటి బిల్లు అదే చేయండి.

ఇట్లు,
ముత్యాలు గుచ్చే ఒక కార్మికురాలు, పాతబస్తీ, హైదరాబాద్