ఆ రోజు నా ఫారం నింపిపెట్టిన ఆవిడకి

19 నెలల తర్వాత నిన్న మొదటిసారి ఒక పూర్తి రోజు పని చేశాను. మధ్యమధ్యలో లేచాను, నడిచాను, భుజాలు వదులు చేసుకున్నాను. కానీ సాయంత్రం దాకా నా కుర్చీలో నా పని నేనే చేసుకున్నాను. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పులిసిపోయింది, అయినా కంటిమీద కునుకు లేదు. తెల్లారితే మళ్ళీ పనుల్లో పడి చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుందేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను. కొంత టైప్ చేస్తున్నాను, కొంత నోటితో చెప్పి ఫోన్‌తో రాయిస్తున్నాను. వాక్యాలు అటూ ఇటూ అయితే మన్నించండి.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. 14 ఏళ్ళుగా రోజంతా మౌస్, కీబోర్డు. ఒక పెద్ద రిలీజ్ ముందు కుడి మణికట్టులో సలుపు మొదలైంది. అక్కడి నుంచి మోచెయ్యికి, భుజానికి, మెడకి పాకింది. కుడిచేతికి కాస్త విశ్రాంతి ఇద్దామని మౌస్ ఎడమవైపు పెట్టుకుంటే రెండు వారాల్లో ఎడమ చెయ్యీ అదే దారి పట్టింది. తల దువ్వుకోలేకపోయాను. తాళం తిప్పలేకపోయాను. సంతకం పెడితే అది నా సంతకంలా ఉండేది కాదు.

ఎక్స్‌రే, మెడకి ఎమ్మారై, నరాల పరీక్ష, రక్తపరీక్షలు, అన్నీ అయ్యాయి. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఎమ్మారైలో మాత్రం ఒక డిస్క్ కొంచెం ఉబ్బిందని రాశారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆరు నెలలు మెడ తిప్పడానికే భయపడుతూ బతికాను. ఏ నొప్పీ లేనివాళ్ళకి స్కాన్ తీసినా ఇలాంటి ఉబ్బులు కనిపిస్తాయని, నడుము సంగతే తీసుకుంటే 20 ఏళ్ళ వయసువాళ్ళలోనే దాదాపు 30 శాతం మందికి ఉంటాయని తర్వాతెప్పుడో తెలిసింది. రిపోర్టు చేతిలో పెట్టిన రోజే ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టేది?

11వ నెలలో ఒక స్పెషలిస్టు నా ఫైలు తిరగేసి, "ఏమీ లేదమ్మా, అంతా మీ మనసులోనే ఉంది" అన్నారు. గదిలో నేనున్నది నాలుగు నిమిషాలు. బయటికొచ్చి కారిడార్లో బెంచీ మీద కూలబడ్డాను. రాత్రుళ్ళు చేతులు దిండు మీద పెట్టుకుని కూర్చున్నదంతా నటనేనా అని నన్ను నేనే అడుగుతున్నాను.

అక్కడ కనిపించారు ఆవిడ.

డాక్టరు కాదు, నర్సు కాదు. అదే ఆస్పత్రిలో రిపోర్టులు టైప్ చేసే ఉద్యోగి. పేరు రాయొద్దన్నారు, రాయను. నా చేతిలో సెలవు కోసం నింపాల్సిన నాలుగు పేజీల ఫారం ఉంది. పెన్ను జారింది. పట్టు లేక కాదు, నొప్పికి. అటుగా వెళ్తున్న ఆవిడ వంగి తీసిచ్చారు. మళ్ళీ జారింది. ఈసారి పెన్ను నాకివ్వలేదు. నా పక్కన కూర్చుని, "ఆ కాగితాలు ఇటివ్వండి. మీరు చెప్పండి, నేను రాస్తాను" అన్నారు.

అంతే అన్నది. నేను ఏడ్చేశాను. ఆ 11 నెలల్లో పరాయివాళ్ళ ముందు కంటతడి పెట్టింది లేదు. ఆవిడ ఊరుకోమనలేదు, చుట్టూ చూడలేదు, తొందరపెట్టలేదు. ఏడుపు ఆగేదాకా ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అది ఆవిడ భోజనాల వేళ అని తర్వాత తెలిసింది.

ఫారంలో ఒక మనిషి బొమ్మ ఉంది, నొప్పి ఉన్నచోట గీతలు గీయమని. నేను చెప్తుంటే ఆవిడ నిదానంగా నింపుకుంటూ వచ్చారు. రెండు చేతులు, రెండు భుజాలు, మెడ, వీపు పైభాగం. బొమ్మ సగం నల్లబడ్డాక పెన్ను ఆపి, "ఇంత నొప్పి పెట్టుకుని ఒక్కరే వచ్చారా అమ్మా?" అన్నారు. ఏ పరీక్షా అడగకుండా, ఏ కాగితమూ చూడకుండా నమ్మారు నన్ను.

తర్వాత అడిగారు: "నొప్పి తెలియని రోజు ఏదైనా ఉందా? ఆలోచించి చెప్పండి."

అప్పటికి ఆరుగురు డాక్టర్లని చూశాను. ఎప్పుడు ఎక్కువవుతుందని అందరూ అడిగారు. ఎప్పుడు ఉండదని ఒక్కరూ అడగలేదు. చాలాసేపటికి గుర్తొచ్చింది. మా పాప స్కూల్లో నాటకానికి వేసుకునే దుస్తుల మీద పూసలు కుట్టాను. ఇదే కుడిచేత్తో సూది పట్టుకుని నాలుగు గంటలు. ఆ సాయంత్రం నొప్పి ఉన్నట్టే గుర్తులేదు. అదే చెయ్యి మౌస్ పట్టుకుంటే పది నిమిషాలు తాళేది కాదు. ఇంకోటి కూడా అప్పుడే తట్టింది: ఆఫీసు మెసేజ్ వచ్చిన చప్పుడు వింటే చాలు, ల్యాప్‌టాప్ తెరవకముందే మోచెయ్యి మండేది. చెవికి వినపడ్డ చప్పుడుకి మోచెయ్యి ఎందుకు మండాలి?

ఆవిడ తన సంగతి చెప్పారు. ఆరేళ్ళు అలాగే పడ్డారట, రెండు ఉద్యోగాలు వదులుకున్నారట. "మీ నొప్పి నిజం. అందులో అనుమానమే లేదు. అలాగని చేతులు పాడైపోయినట్టు కాదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకోడానికి నాకు ఆరేళ్ళు పట్టింది, మీకంత పట్టకూడదు" అన్నారు. వెంటనే, "నేను డాక్టర్ని కాదు, నా మాట మీద ఏదీ ఆపేయకండి" అని కూడా అన్నారు. తిమ్మిరితో పట్టు తప్పుతోందా, కండ కరుగుతోందా, జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఉన్నాయా, అవి డాక్టర్లు చూశారా అని ఒక్కొక్కటే అడిగారు. చూశారని తేల్చుకున్నాకే వెనక బ్లాకులో నొప్పి క్లినిక్ ఉందని, అక్కడ డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు కలిసే చూస్తారని చెప్పారు. 11 నెలలు అదే ఆస్పత్రి చుట్టూ తిరిగాను. అలాంటిది ఒకటుందని నాకు చెప్పింది టైపిస్టు.

ఆ స్పెషలిస్టు అన్నదీ ఈవిడ అన్నదీ పైకి చూస్తే ఒకటే మాట. నొప్పిలో మనసుకి పాత్ర ఉందని. ఆయన అంటే "నీకేం లేదు, ఇక వెళ్ళు" అని వినపడింది. ఈవిడ ముందు ఆ బొమ్మంతా ఓపిగ్గా నింపారు, మనసు ఊసు తర్వాత ఎత్తారు. అందుకే వినగలిగాను.

క్లినిక్‌లో డాక్టరు గారికి, సైకాలజిస్టు గారికి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. నరాలు మోసుకొచ్చేది నొప్పిని కాదు, ప్రమాదం ఉందేమోనన్న కబురుని అని మొదటిరోజే బొమ్మ గీసి చెప్పారు. దాన్ని ఎంత నొప్పిగా చేయాలో మెదడు నిర్ణయిస్తుంది. వెన్నుపాములో ఒక గేటులాంటిది ఉంటుందని, పైనుంచి మెదడు కూడా దాన్ని తెరవగలదు, మూయగలదని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లోనే అన్నారట. నాకు సిద్ధాంతం కన్నా ఒక మేకు కథ ఎక్కువ పనిచేసింది. 1995లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన కేసు. 29 ఏళ్ళ భవన కార్మికుడు 15 సెంటీమీటర్ల మేకు మీదికి దూకాడు, అది బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. మేకు కాస్త కదిలినా ఓర్చుకోలేకపోతుంటే మత్తు మందులిచ్చి లాగారు. బూటు విప్పి చూస్తే మేకు కాలి వేళ్ళ సందులోంచి పోయింది. పాదానికి గీత కూడా పడలేదు. అతను నటించలేదు, అతని నొప్పి అబద్ధం కాదు. అది విన్నాక చాలాసేపు నోట మాట రాలేదు. నా చేతుల్ని నేనూ అలా బూటులో పెట్టుకుని 11 నెలలు విప్పి చూడలేదు.

మనసంటే ఎక్కడో గాల్లో ఉండేది కాదని కూడా అక్కడే తెలిసింది. మనిషిని చేతులు కదపకుండా కూర్చోబెట్టి తికమకపెట్టే పరీక్ష ఇస్తే భుజం మీద ట్రపీజియస్ కండరం దానంతటదే బిగుసుకుంటుందట, కండరంలోని విద్యుత్తు కొలిచి మరీ చూశారు. నేను రోజుకి పది గంటలు భుజాలు చెవులదాకా ఎత్తుకుని బగ్గులు వెతికాను. 1713లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని, రాతపనివాళ్ళ జబ్బులకి మూడు కారణాలు చెప్పాడట: కదలకుండా కూర్చోవడం, చెయ్యి అదేపనిగా ఒకే తీరుగా కదలడం, తప్పు రాస్తే యజమానికి నష్టమన్న మనసులోని శ్రమ. మా ఆఫీసులో మొదటి రెండింటి కోసం కుర్చీ మార్చారు, మౌస్ మార్చారు, అందుకు కృతజ్ఞురాలినే. మూడోదాని గురించి 300 ఏళ్ళు దాటినా ఎవరూ అడగలేదు. మౌస్ కొన్ని నిమిషాలు కదలకపోతే పైవాళ్ళకి తెలిసిపోయే సాఫ్ట్‌వేర్ మాత్రం నడుస్తూనే ఉంది. డాక్టరు లేచి నడవమంటారు, లేస్తే గుండె దడదడలాడుతుంది. ఈ రెంటి మధ్య మనిషి ఏమైపోవాలి?

కోపం ఆపుకోలేకపోతున్నాను, ఇది కూడా రాసేస్తాను. ఇన్సూరెన్స్ వాళ్ళ ఫారంలో "దెబ్బతిన్న భాగం" అని ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా ఉంటే క్లెయిమ్ ముందుకు పోదు. స్కాన్‌లో లోపం కనపడలేదు కాబట్టి ఇవ్వలేం అని నాకు రెండుసార్లు రాశారు. మూడు నెలలు దాటిన నొప్పి వేరే జబ్బుకి గుర్తు మాత్రమే కాదు, దానంతటదే ఒక జబ్బు కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉంది, ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. వాళ్ళ ఫారంలో దానికి గడి లేదు. నన్ను నిలబెట్టింది సైకాలజిస్టు దగ్గర కూర్చున్న గంటలైతే, వాటిని చికిత్స కిందే లెక్కపెట్టలేదు. సెలవు ఫారమూ అంతే, చేతులతో పని చేయలేని మనిషిని నాలుగు పేజీలు చేత్తో నింపమనడం దగ్గరే తెలుస్తోంది, ఈ ఫారాలు ఎవరి కోసం తయారయ్యాయో.

మళ్ళీ ఆవిడ దగ్గరికి వస్తాను. ఆ రోజు ఫారం వెనకాల తన నంబరు రాసి, "ఎక్కువైన రాత్రి ఫోన్ చెయ్యండి, వేళ చూడకండి" అన్నారు. ఇలాంటి మాటలు మర్యాదకి అంటారు కదా అనుకున్నాను. రెండు నెలల తర్వాత, రెండు నిమిషాలతో మొదలుపెట్టిన టైపింగ్ 20 నిమిషాలకి చేరిన రోజు రాత్రి, ఎక్కడలేని నొప్పీ తిరగబెట్టింది. మళ్ళీ మొదటికొచ్చానన్న భయంతో రాత్రి రెండింటికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. "లేచే ఉన్నాను, చెప్పండి" అన్నారు. లేచి లేరని గొంతులోనే తెలుస్తోంది. సలహా ఇవ్వలేదు. "ఇవాళ ఏమైంది?" అని అడిగారు. ఫుల్‌టైమ్ ఎప్పటినుంచి వస్తారని మేనేజరు దగ్గర్నుంచి మెయిల్ వచ్చిందన్నాను. "చదివిన ఎంతసేపటికి మొదలైంది?" అన్నారు. నేను గడియారం వైపు చూసి లెక్కపెట్టాను. పావుగంట. ఫోన్లో ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పడుకోకపోయినా పరవాలేదు, చేతులు ఎక్కడికీ పోవు" అన్నారు. నేను నిద్రపోయేదాకా లైన్లోనే ఉన్నారు. పొద్దున చూస్తే కాల్ 51 నిమిషాలు. మర్నాడు ఆవిడకి డ్యూటీ ఉంది.

అక్కా, మీరు ఇది చదువుతారో లేదో తెలీదు. ఆ 51 నిమిషాలు నేను ఎలా తీర్చుకోను?

నాకు పూర్తిగా పోలేదు, అదీ చెప్పాలి. రెండు నిమిషాల టైపింగుతో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను. కొలరాడోలో 151 మంది నడుంనొప్పి వాళ్ళ మీద చేసిన పరిశోధన ఒకటి 2021లో వచ్చింది. నొప్పి అంటే దెబ్బ కాదని మెదడుకి మళ్ళీ నేర్పే చికిత్స నాలుగు వారాలు తీసుకున్నవాళ్ళలో 66 శాతం మందికి నొప్పి పోయింది, లేదా దాదాపుగా పోయింది. మామూలు వైద్యంతో ఉన్నవాళ్ళలో అది 10 శాతం. అది నడుము, నాది చేతులు. అయినా ఆ అంకె నన్ను చాలా రోజులు మోసింది. ఇప్పుడు సలుపు వస్తే ముందు భుజాలు దింపుతాను, ఏ కబురు విన్నానో వెనక్కి చూసుకుంటాను. చాలాసార్లు తగ్గుతుంది. కొన్నిసార్లు తగ్గదు, లేచి నడుస్తాను.

అమ్మకి, మా ఆయనకి, పాపకి: మీకు థాంక్స్ చెప్తే పరాయివాళ్ళని చేసినట్టుంటుంది. మీకు తెలుసు.

అయ్యో, ఫిజియోథెరపిస్టు గారిని మర్చిపోయాను! "నొప్పి వచ్చినంత మాత్రాన దెబ్బ తగిలినట్టు కాదు" అని ప్రతిసారీ నాతో పైకి అనిపించారు, సిగ్గుపడినా వదల్లేదు. నా టెస్ట్ కేసులన్నీ ఎనిమిది నెలలు తన నెత్తిన వేసుకుని ఎవరికీ చెప్పని మా టీమ్ తమ్ముడికి. నోటితో చెప్తే రాసే పద్ధతి నేర్పిన పాత స్నేహితురాలికి, నువ్వు లేకపోతే ఈ పోస్టే లేదు. క్లెయిమ్ రెండోసారి తిప్పి పంపినప్పుడు, తన తప్పేమీ లేకపోయినా "సారీ మేడమ్, నాకూ మెడనొప్పే" అన్న కాల్ సెంటర్ అమ్మాయికి కూడా.

ఇంకొకరు. మా ఆఫీసు గాజు తలుపు చాలా బరువు. నేను సగం రోజులు రావడం మొదలుపెట్టినప్పటి నుంచి, అడక్కుండానే, నేను మెట్ల దగ్గర ఉండగానే లేచొచ్చి దాన్ని తెరిచి పట్టుకునే సెక్యూరిటీ అన్నకి. నిన్న సాయంత్రం నేనే తోసుకుని బయటికొస్తుంటే చెయ్యి సగం చాపి ఆగిపోయాడు, తర్వాత నవ్వాడు.