టర్బో ఈల గురించి నీ ఉత్తరానికి జవాబు

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు బండి బుసకొడుతూ ఈల వేస్తున్నదనీ, దిగేటప్పుడు ఆ చప్పుడే ఉండదనీ, మెకానిక్ మాత్రం షెడ్డులో బానెట్ ఎత్తి కాసేపు విని టర్బో (ఇంజను పొగ ఊపుతో తిరుగుతూ, ఇంజనులోకి గాలిని నొక్కి పంపే భాగం) మార్చాల్సిందేనని తేల్చేశాడనీ రాశావు. పదిహేనేళ్లు దాటిన డీజిల్ బండికి కొత్త టర్బో అంటే చిన్న ఖర్చు కాదు కనుక, తొందరపడి బయానా ఇవ్వకు.

అతను విన్నది బండి నిలబడి ఉన్నప్పుడు. ఐడిలింగులో టర్బో గాలిని నొక్కేది దాదాపు ఏమీ ఉండదు. ఇంజనుకు బరువు పడినప్పుడే పొగ వేగం పెరిగి, లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఎక్కేటప్పుడు మాత్రమే వచ్చే చప్పుడును షెడ్డులో విని నిర్ణయించడం నాకు సబబుగా తోచలేదు. నా అనుమానం ముందుగా టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజనుకూ వెళ్లే రబ్బరు గొట్టాల మీద. పాతబడిన గొట్టం అడుగున, క్లాంపు పక్కన సన్నగా చీలుతుంది. ఒత్తిడి లేనప్పుడు ఆ చీలిక మూసుకుపోయి కంటికి కనిపించదు. బండి లాగుడు తగ్గి, నల్లపొగ కూడా వస్తున్నట్లయితే ఈ అనుమానం మరింత బలపడుతుంది. గొట్టాల లోపల కొద్దిగా ఆయిల్ తడి ఉండటం మామూలే కానీ, బయట ఒకచోట తడిసి దుమ్ము పట్టి ఉంటే గాలి అక్కడి నుంచే పోతున్నదనుకోవచ్చు.

చదును రోడ్డు మీద, ఘాట్ మీద ఇంజను వేగం ఒక్కటే ఉండేలా నడిపి చూడు. రెండుచోట్లా చప్పుడు ఒకేలా ఉంటే అది బెల్టుదో, ఆల్టర్నేటర్ బేరింగుదో కావచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజను మీద టక్‌టక్‌మని, వేడెక్కాక తగ్గిపోతే మానిఫోల్డ్ గాస్కెట్, అంటే ఇంజను నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టాల అతుకు దగ్గరి బిరడా పొర, చూడాలి. అక్కడ మసి మరక కూడా ఉంటుంది. సైరనులాంటి కూత రోజురోజుకూ పెరుగుతూ, యాక్సిలరేటర్ వదిలిన తరువాత కూడా ఒకటి రెండు క్షణాలు సాగుతూ దిగితే మాత్రం టర్బోనే అనుమానించు.

అప్పుడు ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, టర్బోకు గాలి వచ్చే గొట్టం విప్పించు. ఇరుసును పక్కలకు కదిపితే కాస్త ఆడుతుంది, అది తప్పు కాదు. మధ్యలో ఉండవలసిన ఆయిల్ పొర ఇంజను ఆగినప్పుడు ఉండదు కదా. కానీ రెక్కలు గోడకు రాసుకోకూడదు, ముందుకూ వెనక్కూ లాగితే చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు. రెక్కల అంచులు చెక్కుకుపోయి ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి ఏదో లోపలికి వెళ్లిందన్నమాట. ఇంజను నడుస్తుండగా ఆ మూతి దగ్గర చెయ్యి పెట్టవద్దు, ఎవరినీ పెట్టనివ్వవద్దు.

టర్బో నిజంగానే పోయిందని తేలితే, ఎందుకు పోయిందో చెప్పమని గట్టిగా అడుగు. చాలాసార్లు కారణం ఆయిల్ అందకపోవడమే. ఆయిల్ తెచ్చే సన్నని పైపు బొగ్గు పట్టి మూసుకుపోతుంది. ఆ పైపు, ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా టర్బో ఒక్కటే బిగిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ఆయిల్ తిరిగి వెళ్లే పైపు మూసుకుపోయినా నీలిపొగ వస్తుంది, అంతమాత్రాన టర్బో చెడిపోయినట్టు కాదు.

నీలిపొగ దట్టంగా వస్తుంటే మాత్రం ఘాట్ ఎక్కవద్దు. టర్బో సీలు తెగి ఆయిల్ ఇంజనులోకి పడితే, తాళం తీసేసినా ఇంజను ఆ ఆయిలునే మండించుకుంటూ అదుపు తప్పి పరుగెత్తగలదు. అలా జరిగితే బ్రేకు బలంగా తొక్కిపట్టి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఇంజనును ఆపెయ్యాలి.

ముందు ఆ గొట్టాలు విప్పించి, వంచి చూడు. ఏం కనిపించిందో వెంటనే రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు