చిట్టికి, పర్లాకిమిడి నుంచి

చిట్టీ,

ఆశీస్సులు. మామ్మ కులాసా. అమ్మ మోకాలు మామూలే.

తెరమీద పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ మిషన్లలో ఏది మంచిదని దసరా ముందు అడిగావు. ఆ తర్వాత నీ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. బరంపురం పిన్ని ఏమో నువ్వు గదిలో పుస్తకాలన్నీ ఎవరికో పంచేశావంటోంది. పిన్ని మాట సగం తగ్గించుకునే వింటాననుకో. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

అమెజాన్ వాళ్ల కిండిల్ కొంటే, ఈపబ్ ఫైలు (ఈ-పుస్తకాలు మామూలుగా వచ్చే రకం) వైరుతో ఎక్కించినా మిషనులోని పుస్తకాల జాబితాలో కనబడదు. అమెజాన్ వాళ్ల 'సెండ్ టు కిండిల్' ద్వారా పంపాలి. మెయిల్లో అయితే 50 ఎంబీ, వెబ్‌సైటులో 200 ఎంబీ దాకా తీసుకుంటుంది. నీ మెయిల్ అడ్రసును అనుమతించిన జాబితాలో ముందే చేర్చుకో, లేకపోతే పుస్తకం రాదు. మోబీ అనే పాత రకం ఫైళ్లు ఈ దారిన ఇక వెళ్లవు. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకునే వీలు కూడా 2025 ఫిబ్రవరిలో తీసేశారు. డబ్బు పోసి కొన్నది మన చేతిలో లేకపోవడం నాకు నచ్చలేదు.

కోబో అని ఇంకో కంపెనీ రీడరుంది, దానికి ఈపబ్ నేరుగా వైరుతో ఎక్కుతుంది. ఎజెక్ట్ కొట్టకుండా వైరు లాగకు, ఫైలు పాడవుతుంది. ఓవర్‌డ్రైవ్ అనే సర్వీసు ద్వారా గ్రంథాలయాలు అరువిచ్చే ఈ-పుస్తకాలు కెనడాలో కోబోలో చదువుకోవచ్చు, కిండిల్‌కి ఆ సదుపాయం అమెరికాలోనే. నీకు కెనడాతో పనేముంది? ఏమైనా ఉందా?

తెలుగు చదవాలంటే మాత్రం సూరిబాబు మావయ్య గొడవ విను. తాతగారి హరికథలు డీటీపీ షాపులో అను అనే పాతకాలపు తెలుగు ఫాంటులో కొట్టించిన పీడీఎఫ్ ఉంది కదా, దాన్ని ఫైళ్లు మార్చే కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈపబ్‌గా మార్చి రీడర్లో తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ. మిషను చెడిందని రాయగడ బజారులో దుకాణం వాడితో తగువు. అను ఫాంటు తెలుగు ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటుంది, ఫాంటు పోతే మిగిలేది ఆ గీతలే. చివరికి షాపువాడు పేజీలు కట్టిన అసలు పేజ్‌మేకర్ ఫైలు తెప్పించి, ఏ మిషనులోనైనా తెలుగు అక్షరంగానే ఉండే యూనికోడ్‌లోకి మార్పించి, 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి చోట్ల వత్తులు ఎగిరిపోయాయేమోనని అత్తయ్య చేత ప్రూఫు చూపించి, అప్పుడు ఈపబ్ చేశారు. ఆ యూనికోడ్ పాఠాన్ని వర్డులో ఉంచి డాక్స్ (.docx) ఫైలుగా కాలిబర్‌కి ఇస్తే శీర్షికలు కూడా సరిగా వచ్చాయి. నోటో అనే యూనికోడ్ తెలుగు ఫాంటుని కూడా రీడర్లో 'ఫాంట్స్' ఫోల్డర్లో వేసుకోవాల్సొచ్చింది.

స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు వేరు. అవి బొమ్మలు, అక్షరం పెంచితే వాక్యం మడతపడదు. ఆరంగుళాల తెరమీద అడ్డంగా తిప్పి, పేజీ అంచులు కత్తిరించి చదవాల్సిందే. అలాంటివే ఎక్కువైతే పెద్ద తెర కొను, డబ్బు చూసుకోకు. కొనేముందు నీ దగ్గరున్న తెలుగు ఫైలు ఒకటి తెరిపించి చూడు. 2016లో కిండిల్ స్టోరులో ఐదు భారతీయ భాషలు పెట్టినప్పుడు కూడా తెలుగు వాటిలో లేదు.

రాత్రి దీపం తగ్గించి చదువు. దిండు ఎత్తుగా పెట్టుకో. కళ్లు మంటలుంటే డాక్టరుకి చూపించు, చుక్కల మందు నీ ఇష్టానికి వేసుకోకు. అన్నం వేళకి తిను. పంచేసిన పుస్తకాల్లో తాతగారి సంతకం ఉన్నవి లేవు కదా?

గది ఖాళీ చేస్తే కొత్త అడ్రసు అమ్మకి చెప్పు. చెయ్యకపోతే చెయ్యలేదని చెప్పు. ఎక్కడికి పంపాలో తెలియక చల్లమిరపకాయలు కొరియరు చెయ్యలేదు.

నాన్న