పారిపోయే ముద్దాయిల గురించి పోలీస్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఎన్టీఆర్ జిల్లా పోలీస్ కమిషనర్ గారికి నమస్కారం.

విజయవాడ కోర్టుల్లో రిమాండు కేసులు చూసుకునే లాయర్ని. అరెస్టయ్యాక ఎస్కార్ట్ పోలీసుల కళ్లుగప్పి పారిపోయే వాళ్ల గురించి రాస్తున్నాను. పెద్ద గ్యాంగుల సంగతి వేరు, వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. నా బాధంతా సెల్‌ఫోన్ దొంగతనంలోనో, తాగి కొట్టుకున్న కేసులోనో దొరికి, బాత్రూమ్‌కని చెప్పి గోడ దూకే కుర్రాళ్ల గురించే.

ఈ ఊళ్లో పరుగెత్తి ఎటు పోతాడండీ? ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్య నుంచే పోతాయి. బ్యారేజీ నుంచి నీళ్లు వదిలినప్పుడు ఈత వచ్చినవాడికే కష్టం, చేతులకు బేడీలుంటే ఇక చెప్పేదేముంది. కాలువ తప్పితే రైలు పట్టాలు. వెనక్కి చూస్తూ పరుగెత్తేవాడికి ముందు నుంచి వచ్చే బండి కనపడదు. బేడీలతో పడితే చేతులు ఆనించుకోలేడు, తల నేరుగా నేలకు కొట్టుకుంటుంది.

దొరికాక కూడా గండం గడిచినట్టు కాదు. రొప్పుతున్న మనిషిని బోర్లా పడేసి ఇద్దరు ముగ్గురు వీపు మీద బరువు మోపితే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. అదుపులోకి రాగానే పక్కకు తిప్పి లేపి కూర్చోబెట్టాలని మీ సిబ్బందికి గట్టిగా చెప్పించండి.

ఇక కేసు సంగతి. కస్టడీ నుంచి తప్పించుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 262 కింద 2 ఏళ్ల వరకు జైలు, అదీ అసలు నేరానికి పడే శిక్షకు అదనంగా. బెయిల్ పిటిషన్ వేస్తే పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారు లేచి ‘ఇతను ఒకసారి పారిపోయాడు’ అంటారు. ఆ తర్వాత నేనేం వాదించాలి? కాపలా కానిస్టేబుల్‌కీ తిప్పలే. నిర్లక్ష్యంగా వదిలేశాడని తేలితే అదే సంహిత సెక్షన్ 261 కింద అతనే ముద్దాయి. అలా పరుగెత్తించినవాడి మీద కోపం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎందుకు పారిపోయావురా అంటే నా క్లయింట్లు చెప్పేది దాదాపు ఒకటే: ‘ఇక బయటికి రానివ్వరనుకున్నా సార్.’ 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలని, డబ్బు లేకపోతే ప్రభుత్వమే లాయర్ని ఇస్తుందని, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సహాయం దొరుకుతుందని వాళ్లకు తెలియదు. అరెస్టు కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి అని చట్టంలో ఉంది. కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది చెప్పినట్టవుతుందా?

అందరికీ బేడీలు వేసేస్తే సరిపోతుందని కొందరంటారు. మామూలుగా అందరికీ వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. కొత్త చట్టం (భారతీయ నాగరిక సురక్షా సంహిత) కూడా కొన్ని రకాల కేసుల్లోనే ఒప్పుకుంటోంది.

అందుకే రెండే అడుగుతున్నాను. జీపెక్కించే ముందు ఎస్‌ఐ గారు రెండు నిమిషాలు ఆగి, తర్వాత ఏం జరుగుతుందో అతనికి మామూలు తెలుగులో చెప్పాలి, వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడించాలి. మెడికల్‌కి (వైద్య పరీక్షకి) పంపేటప్పుడు ఎంతమంది ముద్దాయిలున్నారో చూసి, అందుకు సరిపడా ఎస్కార్ట్ వేయాలి. మీ సంతకంతో ఒక మెమో వస్తే ఈ రెండూ రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక న్యాయవాది, విజయవాడ