మన సంఘం వార్షిక నివేదిక: జయపురం సంగీత మేళాలో ఒక రోజు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, పిల్లల ఆదివారం తెలుగు తరగతులు యథావిధిగా జరిగాయి. జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. ఇక్కడ మాత్రం ఎక్కువ చోటు జయపురం ప్రయాణానికే ఇస్తున్నాను. ఏడాది మొత్తంలో సంఘం చేసిన మంచి పని అదేనని నా నమ్మకం.

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం శివార్లలో ఒక మామిడితోటలో కొందరు యువకులు చందాలు పోగుచేసి చిన్న సంగీత మేళా జరిపారు. సొంతంగా కట్టిన పాటో, తమ ఊరి పాటో పాడాలే తప్ప సినిమా పాట పాడకూడదని వారి నియమం. మన యువ సభ్యులు పట్టుబట్టడంతో మన ఊరు రాయగడ నుంచి బస్సు మాట్లాడాం. అద్దెలో సగం సంఘం భరించింది. సినిమా పాటల్లేని కచేరీకి ఎవరొస్తారని అన్న పెద్దలు కూడా బస్సెక్కారు.

ఒకటే వేదిక. పొద్దున కొందరు కుర్రాళ్లు గిటార్లతో ఒడియాలో రాక్ పాటలు పాడారు. ఆ వెంటనే అదే మైకుల ముందు కొరాపుట్ పల్లెలవారు సన్నాయి లాంటి మొహురి, ఢోలు వాయిస్తూ డెమ్సా నృత్యం ఆడారు. అరకు థింసాకు అది తోబుట్టువు. చేయీ చేయీ కలిపిన ఆ వరుసలో మన ఆడవాళ్లు ఇట్టే అడుగు కలిపారు. మధ్యాహ్నపు పాటలు నా మనసుకు అంతగా పట్టలేదు.

సాయంత్రం బెంగాల్ నుంచి వచ్చిన బావుల్ గాయకుడు వేదికెక్కారు. ఊరూరా తిరుగుతూ తత్వాలు పాడేవారిని అక్కడ బావుల్‌లు అంటారు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన సంప్రదాయం వారిది. ఆ గాయకుడు చంకలో చిన్న డోలు ఇరికించుకున్నారు. దాని చర్మం నడుమ నుంచి వచ్చిన తంతిని ఒక చేతి పిడితో లాగిపట్టి, మరో చేత్తో మీటుతున్నారు. పిడి బిగిస్తే స్వరం పైకి లేస్తోంది, సడలిస్తే కిందికి జారుతోంది. దాన్ని ఖమక్ అంటారట. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన పెద్దాయన ఒకరు ఉన్నపళంగా లేచి నిలబడ్డారు. "ఇది మన జముకే కదయ్యా!"

నిజమే. ఉత్తరాంధ్రలో అమ్మవారి కథలు చెప్పే జముకులవారి వాద్యంలోనూ ఉన్నది ఈ పనితనమే. పాట అయ్యాక పెద్దాయన చిన్నప్పుడు విన్న వరస ఒకటి ఎత్తుకుంటే, ఆ గాయకుడు తల ఊపుతూ తంతి మీటారు. ఒకరి భాష ఒకరికి రాదు. తెలుగు తరగతులకు రమ్మంటే తప్పించుకునే పిల్లలు తిరుగు ప్రయాణంలో ఆ పాటలోని కథంతా చెప్పేదాకా పెద్దాయన్ను వదల్లేదు.

ఉగాది నిధిలో పెద్ద వాటా ఏటా సినిమా పాటల ఆర్కెస్ట్రాకే పోతోంది. ఆ పాటలు ఇంట్లో ఎప్పుడూ వినేవే. జముకు మాత్రం పిలిస్తే తప్ప రాదు, పిలిచేవారు లేకపోతే నేర్చేవారూ ఉండరు. పిలవాలంటే ఉత్తరాంధ్రలోని పార్వతీపురం, సాలూరు మనకేమీ పరాయి ఊళ్లు కావు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మనదీ విశాఖపట్నం జిల్లాయే.

అందువల్ల వచ్చే ఉగాదికి ఆర్కెస్ట్రా ఖర్చు సగానికి తగ్గించి జముకుల బృందాన్ని పిలవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. మన యువత సొంతంగా కట్టిన పాటలకు ఒక అరగంట కేటాయించాలి. అవి తెలుగులో ఉన్నా ఒడియాలో ఉన్నా అభ్యంతరం ఉండకూడదు. కళాకారుల పారితోషికం ముందుగానే వారి చేతికి ఇవ్వాలన్న మాట కూడా తీర్మానంలో చేర్చాం. జముకుల బృందాల ఆచూకీ తెలిసినవారు సంక్రాంతిలోగా కార్యాలయంలో తెలియజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి