వార్నింగులు తీసేయమన్న మీ సలహాపై ఫిర్యాదు

కర్నూలు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: గేమ్ యానిమేషన్ కోర్సు ఏడో పాఠంలోని తప్పులు, వాటిపై మీ సిబ్బంది ఇచ్చిన జవాబు.

అయ్యా,

నేను కర్నూలులో మోటారు రివైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కంప్యూటరు ఆటలు తయారుచేయడం మొదటి నుంచి నేర్పుతామన్న మీ కోర్సులో 6,500 రూపాయలు కట్టి చేర్పించాను. రాత్రి షాపు మూసి వచ్చాక నేనూ పక్కన కూర్చుని పాఠాలు చూస్తున్నాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా నా కళ్లెదుట జరిగినదే.

ఏడో పాఠం పరుగెత్తే బొమ్మది. మీరిచ్చిన బొమ్మను పక్కన పెట్టి మా అమ్మాయి తనే గీసుకుంది. వెనక కొండారెడ్డి బురుజు, ముందు నిక్కరు వేసుకున్న పిల్లవాడు. మొత్తం ఎనిమిది భంగిమలు. ఏ అడుగులో మోకాలు ఎంత లేస్తుందో చూడటానికి నన్ను వరండాలో పదిసార్లు పరుగెత్తించింది. ఆ బొమ్మలకే వారం పట్టింది. కోడు మాత్రం మీ పాఠంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది.

కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరుతో కంపైల్ చేయగానే తెర నిండా ఎర్రర్లు. తన టైపింగులోనే పొరపాటు ఉందనుకుని రెండు రోజులు అక్షరం అక్షరం సరిచూసుకుంది. తప్పు తనది కాదు. ఎస్‌ఎఫ్‌ఎంఎల్ లైబ్రరీ (ఆటల కోసం ముందే రాసిపెట్టిన కోడు) సరికొత్త వెర్షను దించుకోమని పాఠంలో చెప్పారు, కోడేమో రెండో వెర్షనుకు రాసినది. 2024 డిసెంబరులో వచ్చిన మూడో వెర్షనులో స్ప్రైటును, అంటే తెరపై చూపే బొమ్మను, టెక్స్‌చర్ (దానికి వాడే చిత్రం) లేకుండా ఖాళీగా సృష్టించడం కుదరదు. కీ నొక్కడం లాంటి ఈవెంటు కోసం ముందే ఒక చోటు ప్రకటించి, దాన్ని ఈవెంట్లను చదివే పోల్ ఈవెంటుకు అందించే పద్ధతి పోయింది. బొమ్మ ఎక్కడుండాలో చెప్పే సెట్ పొజిషన్‌కు రెండు అంకెలను విడివిడిగా కాక ఒకే వెక్టర్‌గా, అంటే జతగా, ఇవ్వాలి. కంపైలరు కనీసం సీ ప్లస్ ప్లస్ 17 అనే ప్రమాణానికి అమర్చి ఉండాలి. మా అమ్మాయి లైబ్రరీవాళ్లు ఇచ్చిన వివరణ చదువుకుని ఇవన్నీ తనే మార్చుకుంది. వెర్షన్లు మారడం మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. పాఠం ఏ వెర్షనుకు రాశారో చెప్పడం మాత్రం మీ బాధ్యతే.

అయితే నాకు అసలు కోపం తెప్పించింది ఆ తరువాతి సంగతి. ఎర్రర్లు పోయాయి. బురుజు కనిపించింది, పిల్లవాడు కదిలాడు. కానీ కాళ్లు ఆడటం లేదు. ఒక కాలు గాలిలో పెట్టి, మంచు మీద బొమ్మలా జారుకుంటూ పోతున్నాడు. కంపైలరు అప్పటికే ఒక వరుస దగ్గర వార్నింగు ఇచ్చింది: అక్కడ పోల్చడం లేదు, విలువ పెడుతున్నారని దాని భావం. మా అమ్మాయి ఆ తెరను ఫొటో తీసి మీ సిబ్బందికి పంపింది. ప్రోగ్రాం నడుస్తోంది కదా, వార్నింగులను పట్టించుకోనక్కరలేదని, సెట్టింగులలో వార్నింగులు చూపించే డబ్ల్యూ ఆల్ (-Wall) అనే ఆప్షను తీసేస్తే అవి ఇక కనిపించవని జవాబు వచ్చింది.

ఆ వరుస చూడండి. ఎన్నో భంగిమ చూపాలో చెప్పే ఫ్రేమ్ సంఖ్య 0 నుంచి లెక్కిస్తూ 8కి చేరితే మళ్లీ 0 చేయాలి. పోల్చడానికి సమానం గుర్తు రెండుసార్లు పెట్టాలి, మీ పాఠంలో ఒక్కటే ఉంది. దాంతో ప్రతిసారీ ఫ్రేములో 8 చేరుతుంది, 8 సున్నా కాదు గనుక షరతు నిజమవుతుంది, వెంటనే ఫ్రేము 0 అవుతుంది. మొదటి బొమ్మ దాటి రెండోది ఎన్నటికీ రాదు. మీరు తీసేయమన్న ఆ వార్నింగే రోగాన్ని వరుస సంఖ్యతో సహా చూపించింది.

నా దగ్గరికి కాలిన బోరు మోటార్లు వస్తాయి. స్టార్టరులో మోటారుపై భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపినవి వాటిలో చాలా ఉంటాయి. విప్పి చూస్తే వైండింగు మసిబారి ఉంటుంది. రిలే ఎందుకు పడుతోందో చూడకుండా దాన్నే తీసేయమనే మనిషి దగ్గర నా షాపులో పనిచేసే కుర్రాణ్ని పని నేర్చుకోనివ్వను. నా కూతురికి మీరు నేర్పింది అదే.

సమానం గుర్తు సరిచేశాక కాళ్లు కదిలాయి, కానీ కంటికి ఆనని వేగంతో. ఒక్కో భంగిమకు పట్టే కాలాన్ని మీరు 1/8 అని రాశారు. రెండూ పూర్ణాంకాలైతే సీ ప్లస్ ప్లస్ భాగహారంలో దశాంశాన్ని వదిలేస్తుంది, కాబట్టి జవాబు 0. దీనికి డబ్ల్యూ ఆల్ ఉన్నా కంపైలరు ఏమీ అనలేదు. 1 పక్కన చుక్క, సున్నా పెట్టగానే పిల్లవాడు చక్కగా పరుగెత్తాడు. దీన్ని కనిపెట్టడానికి మరో మూడు రాత్రులు పట్టింది. కంపైలరు చూపలేని తప్పులే ఇన్ని ఉండగా, చూపినవాటిని కూడా దాచుకోమని పిల్లలకు చెప్పవచ్చా?

నాకు డబ్బు వాపసు అక్కరలేదు. ఏడో పాఠంలోని రెండు తప్పులూ సరిచేయండి. ప్రతి పాఠం మొదట్లో లైబ్రరీ వెర్షను, కంపైలరు అమరిక స్పష్టంగా రాయండి. వార్నింగులు తీసేయమన్న సలహా తప్పని ఆ కోర్సులోని విద్యార్థులందరికీ లిఖితపూర్వకంగా తెలియజేయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. మా అమ్మాయి సరిచేసిన కోడు, మీ సిబ్బంది జవాబు ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
మీ కోర్సు విద్యార్థిని తండ్రి